మాను ఎక్కినవాడికే అస్త్రం

మార్వెల్ గొప్పా, డీసీ గొప్పా? ఈ వాదనకు చిత్తూరు సీమ భారతం మిట్ట మీద నిలబడి మార్కులు వేస్తే ఎవరెక్కడ తేలతారు? ఆ వరుసలో మన తోటరాముడు, హనుమంతు, అశ్వత్థామల చోటెక్కడ?

సూపర్‌హీరో సినిమాలో రైలు కనిపించిందంటే దానికి ఆపద దాపురించిందనే లెక్క. 1978లో వచ్చిన ‘సూపర్‌మ్యాన్’లో భూకంపం దెబ్బకు పట్టా తెగిపోతుంది. అవతల నుంచి రైలు దూసుకొస్తుంటుంది. క్రిస్టఫర్ రీవ్ కిందికి దిగి, తెగిన పట్టా ఉన్నచోట తానే పడుకుంటాడు. బోగీలన్నీ ఆయన వీపు మీదుగా దాటిపోతాయి. 2004 నాటి ‘స్పైడర్‌మ్యాన్ 2’లో బ్రేకులు పోయిన రైలు పట్టాలు ఆగిపోయే చోటికి పరుగెడుతుంటే, టోబీ మాగ్వైర్ రెండు పక్కల భవనాలకూ సాలెదారాలు విసిరి, ఇంజను ముందు తన ఛాతీనే అడ్డం పెడతాడు. ఆ మరుసటి ఏడాది వచ్చిన ‘బ్యాట్‌మ్యాన్ బిగిన్స్’లో హీరో విలన్‌ను రైల్లోనే వదిలేసి బయటికి ఎగిరిపోతాడు. రైలు కూలిపోతుంది, విలన్ కథ ముగుస్తుంది.

మూడింటిలోనూ ఆపద ఒకటే. ముగ్గురి జవాబులు మాత్రం వేరు. పాకాల లాంటి ఊళ్లో ఈ తేడా తొందరగా పట్టుబడుతుంది. ఇది జంక్షన్. గూడూరు, కాట్పాడి మార్గం ఇటు నుంచే పోతుంది. పీలేరు, మదనపల్లె, కదిరి మీదుగా ధర్మవరం పోయే దారి ఇక్కడే చీలుతుంది. మీటర్‌గేజ్ కాలం నుంచి రైలుతో పాటు పెరిగిన ఊరు. 2022 ఏప్రిల్లో జిల్లాలు మారాక పాకాల తిరుపతి జిల్లాలోకి వచ్చింది కానీ, రైలు మాత్రం ఇటు తిరుపతికీ అటు చిత్తూరుకూ ఎప్పట్లా సమానమైన చుట్టమే. ఊపు మీదున్న రైలును ఆపడమంటే ఎంత పనో ఈ ఊరికి చెప్పనక్కర్లేదు. మాగ్వైర్ పళ్లు బిగించి, ముసుగు చిరిగి, నరాలు తేలి ఆ రైలును ఆపుతుంటే అది గ్రాఫిక్స్ అన్న సంగతి మరిచిపోయి ఊపిరి బిగపట్టి చూసేది ఇలాంటి ఊళ్ల జనమే.

తిరుపతి పోయే రైల్లో కాలేజీ కుర్రాళ్లు నలుగురు చేరితే వాదన ఎప్పుడో ఒకప్పుడు ఇటు మళ్లుతుంది. ‘బ్యాట్‌మ్యాన్ని తీసేస్తే డీసీలో ఇంకేముండాదిరా?’ అని ఒకడంటే, ‘మార్వెలోళ్లకి జోకులు తప్ప ఏమొస్తాదబ్బా, ఊరు కూలిపోతాన్నా జోకే!’ అని ఇంకొకడు అందుకుంటాడు. చంద్రగిరి వచ్చేసరికి సంగతి కలెక్షన్ల మీదికి పోతుంది. కలెక్షన్లే కొలత అయితే ఈ వాదన ఎప్పుడో తీరిపోయేది. 2019లో వచ్చిన ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ ఒక్కటే ప్రపంచమంతటా దాదాపు 280 కోట్ల డాలర్లు వసూలు చేసింది. డీసీ 2013లో మొదలుపెట్టిన సినిమాల వరుస మొత్తంలో వంద కోట్ల డాలర్లు దాటింది ‘ఆక్వామ్యాన్’ ఒక్కటే. అయినా వాదన తెగలేదు. డబ్బు లెక్కతో తెగేది కాదు కాబట్టే తెగలేదు.

మరి దేనితో కొలవాలి? దూరం పోనక్కర్లేదు. ఎండాకాలం వస్తే చిత్తూరు సీమ పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం పెడతారు. పగలు హరికథ, రాత్రి నాటకం. చివరి రోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ జరుగుతుంది, ఆ పైన నిప్పులగుండం. ఈ రోజులన్నింటిలో జనం విరగబడి వచ్చేది అర్జునుడి తపస్సుకు. మిట్ట మీద నిలువెత్తు మాను పాతుతారు. వేషగాడు పద్యం పాడుతూ ఒక్కో మెట్టే ఎక్కుతాడు. కింద పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో సాగిలపడి ఉంటారు. పైకి చేరి ఆయన విసిరే నిమ్మకాయ ఎవరి కొంగులో పడుతుందోనని వేలమంది కళ్లు పైకెత్తి చూస్తుంటారు. పాశుపతం ఆ తర్వాతే. అస్త్రం కావాలంటే అర్జునుడైనా మాను ఎక్కాల్సిందే.

మన కథల్లో శక్తికి ఎప్పుడూ ఒక షరతు ఉంటుంది. హిరణ్యకశిపుడి వరంలో పగలూ రాత్రికి మధ్య సందు మిగిలింది. భస్మాసురుడి చెయ్యి చివరికి తన నెత్తి మీదికే వచ్చింది. హనుమంతుడంతటి వాడికి కూడా చిన్ననాటి అల్లరికి మునులిచ్చిన శాపం ఉంది. ఎవరో ఒకరు గుర్తుచేస్తే తప్ప తన బలం తనకు తెలియదు. కిష్కింధకాండ చివర్లో జాంబవంతుడు నోరు విప్పే దాకా సముద్రం ఒడ్డున మౌనంగా కూర్చున్నది అందుకే. సూపర్‌హీరో సినిమాకు మార్కులు వేయడానికి ఇంతకన్నా నికరమైన కొలత దొరకదు. హీరో ఎంత ఎత్తు ఎగిరాడన్నది కాదు, ఆ శక్తికి షరతేమిటి, దాని కోసం ఏం ఇచ్చుకున్నాడు అన్నది చూడాలి. ఈ కొలతతో చూస్తే రెండు కంపెనీల మధ్య గీత అనుకున్నచోట పడదు.

అవతారం ఒకరిది, వరం ఒకరిది

క్లీవ్‌ల్యాండ్‌కు చెందిన ఇద్దరు యువకులు జెర్రీ సీగెల్, జో షూస్టర్ సృష్టించిన సూపర్‌మ్యాన్ 1938లో ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచికలో కనిపించాడు. హక్కుల కింద వాళ్లిద్దరికీ కలిపి ముట్టింది 130 డాలర్లు. మరుసటి ఏడాదే బ్యాట్‌మ్యాన్ వచ్చాడు. ఆ బొమ్మల కంపెనీయే తర్వాత డీసీ అయింది. మార్వెల్ అసలు వైభవం 1961 తర్వాతది. స్టాన్ లీ, జాక్ కర్బీ, స్టీవ్ డిట్కో కలిసి రెండు మూడేళ్లలోనే ఫెంటాస్టిక్ ఫోర్, హల్క్, థార్, స్పైడర్‌మ్యాన్, ఐరన్‌మ్యాన్, ఎక్స్‌మెన్‌లను నిలబెట్టారు.

సూపర్‌మ్యాన్ కథను తెలుగు పాఠకుడు ఇట్టే పోల్చుకుంటాడు. కన్న తండ్రి పసికందును ఆపద నుంచి తప్పించి దూరం పంపుతాడు. పల్లెలో ఒక జంట సొంత బిడ్డలా పెంచుతుంది. పెద్దయ్యాక గానీ తానెవరో తెలియదు. రేపల్లె కథ ఇది. అవతార పురుషుడికి తపస్సు అక్కర్లేదు, శక్తి పుట్టుకతోనే వచ్చింది. ఆయన ఇచ్చుకోవాల్సిందల్లా మనిషిగా బతకడమే. రాముడు సీత కోసం ఏడ్చాడు కాబట్టే మన రాముడయ్యాడు. స్పైడర్‌మ్యాన్‌ది అవతారం కాదు, వరం. అద్దె కట్టలేని కుర్రాడి మీద పడిన వరం.

ఈ లెక్కన 1978 ‘సూపర్‌మ్యాన్’కు పదికి 7.5. రీవ్ నటన ఒక్కదానికే ఎనిమిది వేయొచ్చు. కళ్లజోడు పెట్టుకుని భుజాలు వంచగానే అదే మనిషి వేరే మనిషైపోతాడు. కానీ పతాక సన్నివేశంలో ప్రియురాలిని బతికించుకోవడానికి కాలాన్నే వెనక్కి తిప్పేస్తాడు. మనుషుల చరిత్రలో వేలు పెట్టొద్దన్నది తండ్రి పెట్టిన షరతు. దాన్ని మీరాడు, మీరినందుకు ఏమీ పోగొట్టుకోలేదు. అక్కడే అర మార్కు పోయింది. దీని తర్వాతి భాగంలో ప్రియురాలు లోయిస్ కోసం శక్తులు వదులుకుని, రోడ్డు పక్క హోటల్లో మామూలు రౌడీ చేతిలో నెత్తురొచ్చేలా దెబ్బలు తింటాడు. అవతారం ఎంత బరువో తెలిసేది ఆ దెబ్బల్లోనే.

‘స్పైడర్‌మ్యాన్ 2’కు 9.5. తెలుగులోనూ వచ్చిన ఈ సినిమాలో పీటర్ పార్కర్ చదువు చెడింది, ఉద్యోగం ఊడింది, ప్రేమించిన పిల్ల ఇంకొకరితో పెళ్లికి సిద్ధమైంది. మనసు విరిగిన కొద్దీ శక్తి కూడా పోతూ వస్తుంది. హనుమంతుడి షరతు లాంటిదే ఇదీ. తన బలం తనకే దొరకని స్థితి. ఆ తర్వాతే రైలు. ఆపడం పూర్తయ్యాక ఆయన స్పృహ తప్పి ముందుకు ఒరిగిపోతుంటే లోపలి ప్రయాణికులు పట్టుకుంటారు. తలల మీదుగా చేతుల్లో మోసుకెళ్లి బోగీలో పడుకోబెడతారు. ముసుగు లేని మొహం చూసి, తన కొడుకు వయసువాడే కదా అని ఒకాయన ఆశ్చర్యపోతాడు. ఇద్దరు పిల్లలు ముసుగు తెచ్చి చేతికిస్తారు, ఎవరికీ చెప్పమని మాటిస్తారు. కాపాడినవాణ్ని జనం కాపాడుకోవడం ఇంత చక్కగా తీసిన సూపర్‌హీరో సినిమా ఇంకోటి రాలేదు. మార్వెల్ అభిమానులు మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ సినిమా మార్వెల్ స్టూడియోది కాదు. 1996లో దివాలా తీసిన మార్వెల్, నిలదొక్కుకునే దారిలో స్పైడర్‌మ్యాన్ సినిమా హక్కులను సోనీకి ఇచ్చేసింది. తీసింది సోనీ, డైరెక్టర్ శామ్ రైమీ.

2008: ఒకే వేసవిలో రెండు శిఖరాలు

ఆ ఏడాది మే నెలలో ‘ఐరన్‌మ్యాన్’, జులైలో ‘ది డార్క్ నైట్’. ఈ రెండూ అంత దగ్గరగా రాకపోయి ఉంటే ఈ పోటీ ఇంత ముదిరేది కాదేమో.

ఐరన్‌మ్యాన్‌లో షరతు హీరో గుండెకే బిగించి ఉంది. ఆయుధాల వ్యాపారి టోనీ స్టార్క్, తన కంపెనీ తయారుచేసిన బాంబుకే గాయపడతాడు. ఇనుప ముక్కలు గుండెలోకి దిగకుండా ఆపే పరికరమే ఆయన కవచానికీ శక్తినిస్తుంది. పీకేస్తే కవచమూ పోతుంది, ప్రాణమూ పోతుంది. కర్ణుడి కథ తెలిసినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. 8.5. మార్వెల్ స్టూడియో సొంతంగా తీసిన మొదటి సినిమా ఇదే. పెద్ద పేరున్న పాత్రల హక్కులు చేజారిపోయి, మిగిలినవాళ్లతో మొదలుపెట్టాల్సి వచ్చింది. మరుసటి ఏడాది డిస్నీ సుమారు 400 కోట్ల డాలర్లకు మార్వెల్‌ను కొనేసింది.

‘ది డార్క్ నైట్’కు కూడా 9.5. ఇందులో హీరోకు శక్తే లేదు, డబ్బూ పట్టుదలా ఉన్నాయి. జోకర్‌గా హీత్ లెడ్జర్ నటనకు మరణానంతరం ఆస్కార్ వచ్చింది, దాని గురించి ఎంతో రాశారు. ఇక్కడ చెప్పుకోవాల్సింది రెండు పడవల సన్నివేశం. ఒకదాంట్లో మామూలు జనం, ఒకదాంట్లో ఖైదీలు. రెండింట్లోనూ బాంబులు, ఒకరిని పేల్చే మీట ఇంకొకరి చేతిలో. గడువు దగ్గరపడుతుంటే భారీ ఖైదీ ఒకడు లేచి, అధికారి చేతిలోని మీట అడిగి తీసుకుని కిటికీలోంచి విసిరేస్తాడు. ఆ రాత్రి గోథమ్ నగరాన్ని నిలబెట్టింది బ్యాట్‌మ్యాన్ కాదు, ఆ పేరులేని ఖైదీ. చివరికి హీరో ఇంకొకరి హత్యల నింద తన నెత్తిన వేసుకుని పారిపోతాడు. ఇంత ఇచ్చుకున్న హీరోకు మార్కులు తగ్గించడానికి మనసొప్పదు. రైలు సన్నివేశంలో విలన్‌ను వదిలేసి పోయిన ‘బ్యాట్‌మ్యాన్ బిగిన్స్’ దీని పక్కన ఏడు దగ్గర ఆగిపోతుంది.

డీసీ తడబడింది 2013 నుంచి. డైరెక్టర్ నోలన్ తీసిన బ్యాట్‌మ్యాన్‌కు నప్పిన చీకటిని తెచ్చి సూపర్‌మ్యాన్‌కు పూశారు. ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ చివర్లో నగరం సగం కూలిపోతుంది, సూపర్‌మ్యాన్ విలన్ మెడ విరిచేస్తాడు. విరిచాక ఏడుస్తాడు. ఆ ఏడుపు నిజమే, కానీ కూలిన భవనాల్లోని జనం గురించి సినిమా ఏడవలేదు. ఐదు మార్కులు. ‘బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్’కు నాలుగు. ఇద్దరి తల్లుల పేర్లూ ఒకటేనని తెలిసి కొట్లాట ఆగిపోవడాన్ని అమెరికాలో చాలా ఎగతాళి చేశారు. అమ్మ పేరు వింటే చెయ్యి ఆగడం మన జనానికి ఎగతాళి చేయాల్సిన విషయం కాదు, ఆలోచన మంచిదే. దాని కోసం ముందు నుంచీ తల్లులను మనకు దగ్గర చేయాలి. ఆ పని చేయకుండా ఒక్క పేరు మీద బరువంతా మోపారు. 2017లో ప్యాటీ జెంకిన్స్ తీసిన ‘వండర్ వుమన్’ ఈ వరుసలో ఊరట. తూటాల వానలో డాలు అడ్డం పెట్టి కందకం దాటి ఆమె ఒక్కతే నడిచే ఘట్టానికే ఎనిమిది వేయాలి. ‘ఆక్వామ్యాన్’ కళ్లకు పండగ. అమెరికా కన్నా వారం ముందే మన దగ్గర విడుదలైంది. ఆరు.

బలి అడిగే రాయి

2018లో వచ్చిన ‘అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్’ చూసి తెలుగు ప్రేక్షకుడు కొత్త అనుకోకపోవడానికి కారణం ఉంది. మహాశక్తి ఇచ్చే రాయి కావాలంటే ప్రాణంగా ప్రేమించినవాళ్లను బలివ్వాలి. విలన్ థానోస్ తాను పెంచిన కూతురిని కొండ అంచుకు లాక్కుపోతాడు. ఇదే లెక్క మనకు 1951లోనే తెలుసు. ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడికి కావాల్సింది ఒక సాహసవంతుడి తల. అమ్మవారి ముందు బలిస్తేనే కోరినవన్నీ ఇచ్చే బొమ్మ చేతికొస్తుంది.

కామిక్ బుక్ స్టూడియో అన్న మాటకు మన దగ్గర నిజంగా సరితూగేది విజయా వారి సంస్థే. కడప జిల్లా పొట్టిపాడు నుంచి వచ్చిన బి.నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి 1947 జులైలో ‘చందమామ’ మొదలుపెట్టారు. తర్వాత కొద్దికాలానికే అదే జోడీ సినిమాల్లోకి దిగింది. ‘షావుకారు’ తర్వాత రెండో ప్రయత్నమే ‘పాతాళభైరవి’. ఒక చేత్తో పిల్లలకు బొమ్మల కథలు, ఇంకో చేత్తో పెద్దతెర మీద మాంత్రికులు. తాడిపత్రి వాడైన కె.వి.రెడ్డి డైరెక్టర్, పింగళి నాగేంద్రరావు రచయిత, మార్కస్ బార్ట్‌లీ కెమెరా. పత్రికలో ఎం.టి.వి.ఆచార్య, చిత్రా, శంకర్ బొమ్మలు, దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు. చిత్రా గీసిన రాక్షసుల పళ్లూ కోటల బురుజులూ గుర్తున్నవాళ్లకు మార్వెల్ పేజీలు పరాయివిగా అనిపించవు.

‘పాతాళభైరవి’కి 9.5. తోటరాముడు తోటమాలి కొడుకు. బొమ్మ చేతికొచ్చాక మేడలు వస్తాయి, రాకుమారితో పెళ్లి కుదురుతుంది. అంతలో బొమ్మ పోతుంది, దాంతో పాటు అన్నీ పోతాయి. శక్తి మనిషిది కాదు, బొమ్మ ఎవరి చేతిలో ఉంటే వాళ్లది. అందుకే చివరికి గెలవడానికి తోటరాముడికి మిగిలింది తెలివీ, అంజి స్నేహమే. ఎస్వీ రంగారావు మాంత్రికుడి ముందు థానోస్ కూడా రెండడుగులు వెనక్కి తగ్గాల్సిందే. ‘ఎండ్‌గేమ్’ తెలుగులో థానోస్‌కు గొంతిచ్చింది రానా. భల్లాలదేవుడి గొంతు ఆ ఊదారంగు మొహానికి అతికినట్టు సరిపోయింది. ‘ఇన్ఫినిటీ వార్’కు తొమ్మిది, ‘ఎండ్‌గేమ్’కు 8.5. 2008లో గుండెకు బిగించిన షరతును 22వ సినిమాలో చెల్లించారు. లోకాన్ని నిలబెట్టి టోనీ పోతాడు. పదకొండేళ్ల బాకీని ఇంత నిజాయితీగా తీర్చిన స్టూడియోను మెచ్చుకోవాలి.

ఆ తర్వాత ఆ స్టూడియోకే మతి తప్పింది. ఒక లోకంలో పోయినవాడు ఇంకో లోకంలో బతికే ఉంటాడన్న చిట్కా దొరికాక చావుకు విలువ పోయింది. 2023లో మార్వెల్ ‘క్వాంటుమేనియా’, డీసీ ‘ది ఫ్లాష్’ ఒకే గోతిలో పడ్డాయి. మొదటిదానికి మూడు, రెండోదానికి నాలుగు. అదే ఏడాది ‘ది మార్వెల్స్’ ఆ స్టూడియో చరిత్రలోనే తక్కువ వసూళ్లతో ఆగింది. 2017లో ఫాక్స్ తీసిన ‘లోగన్’కు తొమ్మిది వేస్తాం. ముసలివాడైన వుల్వరిన్ కూతురి కోసం ప్రాణమిచ్చే ఆ ముగింపు చూసి థియేటర్లో కళ్లు తుడుచుకున్నవాళ్లున్నారు. ఏడేళ్లకు ‘డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్’లో ఆ సమాధినే తవ్వి నవ్వులాట చేశారు. నవ్వు వచ్చింది నిజమే. పోగొట్టుకున్నది అంతకన్నా ఎక్కువ.

ఈ కాలంలో మినహాయింపు ‘స్పైడర్‌మ్యాన్: నో వే హోమ్’. ముగ్గురు స్పైడర్‌మ్యాన్లు కలిసి కనిపించే సందడి ఒక ఎత్తు. లోకం నిలవాలంటే తనను అందరూ మరిచిపోవాలన్న షరతుకు పీటర్ ఒప్పుకోవడం ఒక ఎత్తు. ప్రేమించిన పిల్ల ఎదురుగా నిలబడి, తానెవరో చెప్పకుండా తిరిగొచ్చేస్తాడు. 8.5.

ఆ సినిమా మన దేశంలో విడుదలైంది 2021 డిసెంబర్ 16న. మరునాడే ‘పుష్ప’. శేషాచలం అడవులు, ఎర్రచందనం దుంగలు, తెర నిండా చిత్తూరు యాస. హాస్యపాత్రల నోట్లో మాత్రమే వినిపించే తమ మాట హీరో నోట్లో వినపడినప్పుడు ఈ ప్రాంతం ఉప్పొంగిపోయిన తీరు మరిచిపోలేనిది. పుష్పరాజ్ సూపర్‌హీరో కాదు, స్మగ్లర్. అయినా ఆ వారం జనం ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూశారు. పుష్పకు సాలెదారాలు లేవు, ఇంటిపేరు లేదన్న లోటు ఉంది. పెళ్లిపీటల దగ్గర, పంచాయతీలో, ఎక్కడికి పోయినా ఆ లోటే ఎదురొస్తుంది. ఆ పాత్రకు బలం అక్కడి నుంచే పుట్టింది.

ఎండలోనే మెరిసే మణి

తెలుగులో సూపర్‌మ్యాన్ పేరుతోనే సినిమా వచ్చి నాలుగు దశాబ్దాలు దాటింది. 1980లో వి.మధుసూదనరావు తీసిన ‘సూపర్‌మ్యాన్’లో హీరో ఎన్టీఆర్. హాలీవుడ్ నుంచి వేషం తెచ్చుకున్నారు గానీ శక్తిని మాత్రం కొత్త గ్రహం నుంచి తేలేదు, ఆంజనేయస్వామి నుంచి తెచ్చారు. ట్రిక్కులు చూస్తే ఐదు మార్కులకు మించి పడవు. ఆ ఆలోచనకు మాత్రం విడిగా దండం పెట్టాలి. మన సూపర్‌హీరో ఎక్కడి నుంచి రావాలో అప్పుడే తేల్చి చెప్పింది.

ఆ దారినే 2024 సంక్రాంతికి ప్రశాంత్ వర్మ ‘హనుమాన్’ వచ్చింది. జనవరి 12న ‘గుంటూరు కారం’ విడుదలైన రోజే బరిలో దిగింది. అంజనాద్రి అనే ఊరు, పాలెగాడి కింద నలిగే జనం. పాలెగాళ్ల పెత్తనం అంటే ఏమిటో రాయలసీమకు వేరే చెప్పాలా? తిరుమల ఏడుకొండల్లో ఒకటి అంజనాద్రి. అదే హనుమంతుడి జన్మస్థలమని టీటీడీ 2021లో ప్రకటించింది కూడా. హనుమంతు చిల్లర దొంగ. ‘ఇంద్ర’లో చిన్నప్పటి చిరంజీవిగా కనిపించిన తేజ సజ్జా ఈ పాత్ర చేశాడు. వాడికి దొరికిన మణిలో ఉంది అసలు కిటుకు. సూర్యకాంతి దాని గుండా పడితేనే బలం. పొద్దు గుంకితే వాడు మళ్లీ మామూలు హనుమంతే. ఈ ఒక్క షరతుతో సినిమా సగం నిలబడిపోయింది. మబ్బు పట్టినా, చీకటి పడినా ప్రేక్షకుడికి గుండె దడ మొదలవుతుంది.

విలన్ మైఖేల్ ఇంకా ముఖ్యం. సూపర్‌హీరోల పిచ్చిలో పెరిగిన పిల్లాడు వాడు. పెద్ద పెద్ద హీరోలందరికీ అమ్మానాన్నలు ఉండరని గమనించి, తన తల్లిదండ్రులనే చంపేస్తాడు. అమెరికా కామిక్స్‌కు తెలుగు సినిమా ఇచ్చిన ఇంత పదునైన జవాబు మరొకటి లేదు. దానికి ఎదురుగా హనుమంతుకు అక్క అంజమ్మను పెట్టారు. పెళ్లిచీరలో కొబ్బరిగెల ఎత్తి రౌడీలను చితకబాదే అంజమ్మగా వరలక్ష్మిని చూసి ఈలలు పడ్డాయి. హీరోను ఒంటరిగా వదలకపోవడం మన పద్ధతి. రెండో సగంలో సాగదీత ఉంది, కొన్ని జోకులు పాతవి. 7.5. యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో ఉత్తమ చిత్రంగానూ, స్టంట్లకూ జాతీయ అవార్డులు వచ్చాయి. ‘జాంబీరెడ్డి’తో కర్నూలు ఫ్యాక్షన్ మధ్యకు జాంబీలను దించిన డైరెక్టర్ నుంచి ఇది వింతేమీ కాదు.

వైజయంతీ వారి ‘కల్కి 2898 ఏడీ’కి ఏడు. నాగ్ అశ్విన్ కట్టిన కాశీ, దాని నెత్తిన కాంప్లెక్స్ చూసినప్పుడు కళ్లు చెదురుతాయి. మొదటి సగంలో ప్రభాస్ భైరవ చిలిపి పనులకు పట్టిన టైము తగ్గించి ఉండాల్సింది. అతిథి పాత్రలు కథను ఆపేశాయి. కానీ అమితాబ్ అశ్వత్థామ తెర మీదికి వచ్చిన ప్రతిసారీ భారతం మిట్ట గుర్తుకొస్తుంది. ఉత్తర గర్భంలో శిశువు మీద అస్త్రం వేసినందుకు చావు లేకుండా తిరగమన్నది శాపం. ఇప్పుడు అదే మనిషి ఇంకో గర్భాన్ని కాపాడటానికి వేల ఏళ్ల తర్వాత లేచి నిలబడ్డాడు. శక్తీ, శిక్షా, ప్రాయశ్చిత్తం మూడూ ఒకే దేహంలో. ఈ పాత్ర పక్కన మార్వెల్, డీసీ చావులేని వీరుల్లో చాలామంది పలచనైపోతారు. ఈ కథకు పెద్దదిక్కుగా నిలిచిన సింగీతం శ్రీనివాసరావు, ‘మాయాబజార్’ రోజుల నుంచి కె.వి.రెడ్డి దగ్గర పనిచేసిన మనిషి. ఆ తర్వాత ‘ఆదిత్య 369’, ‘భైరవద్వీపం’ తీసిందీ ఆయనే. ‘పాతాళభైరవి’ నుంచి ‘కల్కి’ దాకా తాడు తెగలేదన్నమాట.

2025 సెప్టెంబర్‌లో వచ్చిన ‘మిరాయ్’కి 6.5. అశోకుడు దాచిన తొమ్మిది గ్రంథాల కథ. తిరుపతి వాళ్లకు ఇందులో ఇంటి మనిషి ఉన్నాడు. విలన్‌గా మంచు మనోజ్ ఆకలిగొన్నవాడిలా నటించాడు, హీరో కన్నా ఎక్కువ మార్కులు ఆయనవే. హీరో వేదకు ఆయుధం దొరికే దారి మాత్రం కాస్త సులువైంది. మాను ఇంకొంచెం ఎత్తు ఉండాల్సింది.

మొత్తం కలిపి చూస్తే మార్వెల్‌కు నిలకడ ఎక్కువ, శిఖరం దగ్గర మాత్రం ఇద్దరూ సమానమే. పదిలో ఎనిమిదికి పైన ఉన్నవి మార్వెల్ పాత్రల్లోనే ఎక్కువ, అందులోనూ కొన్ని సోనీ, ఫాక్స్ తీసినవి. డీసీలో తొమ్మిది దాటింది ఒక్క ‘డార్క్ నైట్’. అయితే కొత్త డీసీ మీద ఆశ పెట్టుకోవచ్చు. మార్వెల్‌కు ‘గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ’ తీసిన జేమ్స్ గన్ ఇప్పుడు డీసీ పగ్గాలు పట్టాడు. 2025 జులైలో ఆయన తీసిన ‘సూపర్‌మ్యాన్’ హీరో మంచులో చావుదెబ్బలు తిని పడి ఉండగా మొదలవుతుంది. ఊరు కూలుతుంటే ఉడుతను కూడా పక్కకు తీసి కాపాడతాడు. ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ మరిచిన జనం ఇందులో గుర్తొచ్చారు. 7.5.

మన వైపు తర్వాతి పరీక్ష ‘జై హనుమాన్’. రిషబ్ శెట్టి హనుమంతుడిగా ఈ సినిమాను ప్రకటించారు. మొదటి భాగంలో మణికి ఎండ షరతు పెట్టారు, పని సులువైంది. స్వామే హీరో అయితే ఎండా చీకటీ లెక్కలోకి రావు, కొండ ఎత్తినా ఎవరికీ దడ పుట్టదు. ప్రశాంత్ వర్మ తన హనుమంతుడికి ఏం షరతు పెడతాడన్నదే చూడాలి. బలం మరిచిపోయే శాపం రామాయణంలోనే ఉంది, వాడుకోవచ్చు. రాముడికిచ్చిన మాట కోసం యుగాల తరబడి ఒంటరిగా ఉండిపోవడమూ ఉంది, అది ఇంకా బరువైనది. ఈ రెండింట్లో దేన్ని పట్టుకున్నా ఎనిమిది దాటే అవకాశం ఉంది. రెండూ వదిలేసి గద తిప్పడంతో సరిపెడితే, గ్రాఫిక్స్ ఎంత బాగున్నా ఆరు దగ్గరే ఆగుతుంది.